ఒక్కసారే అడిగే ఊరు

స్పెయిన్ వెళ్ళొచ్చామని చెప్పగానే టొరంటో పక్కన మేముండే వాన్ ఊళ్ళో మా స్నేహితులందరూ అడిగే ప్రశ్న ఒకటే, బార్సిలోనా ఎలా ఉంది అని. బార్సిలోనా మేం చూడలేదు. ఆ మాట చెబితే తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా వచ్చినవాళ్ళని చూసినట్టు చూస్తున్నారు. మేం వెళ్ళింది సెగోవియాకి. మాడ్రిడ్‌కి ఉత్తరాన, గ్వాదర్రామా కొండలకి అవతలి పక్క, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక పూటలో నడిచేయగలిగినంత చిన్న ఊరు. ఉన్న సెలవంతా అక్కడే ఖర్చుపెట్టాం. నన్నడిగితే ఇంకో నెల ఉన్నా తనివి తీరేది కాదు.

ముందే ఒక మాట. ఇందులో మా ఆయన్ని కొంచెం ఆడిపోసుకుంటాను. రాయనా అని ఆయన్ని రెండుసార్లు అడిగి, రెండోసారి సరే అన్నాకే మొదలుపెట్టాను. రెండుసార్లు ఎందుకు అడగాల్సి వచ్చిందో చదివితే మీకే తెలుస్తుంది.

మా ఆయన సుధాకర్ ఒంగోల్లో జూనియర్ కాలేజీ హిస్టరీ లెక్చరర్‌గా చేసేవారు. కెనడా వచ్చాక ఒక వేర్‌హౌస్‌లో, లారీల నుంచి సరుకు దించుకునే సెక్షన్‌లో చేరారు. అక్కడే ఉండిపోయారు. నేను ఒక డెంటల్ ఆఫీసులో ఫ్రంట్ డెస్క్‌లో కూర్చుంటాను. ఒంగోల్లో ఆయన రోమన్ల పాఠం చెప్పినన్నాళ్ళూ పుస్తకంలోని బొటనవేలంత బొమ్మ ఒకటి పిల్లలకి చూపించేవారట. రెండు వరసల ఆర్చీల మీద, సెగోవియా ఊరి మీదుగా నీళ్ళు మోసుకొచ్చే రాతి వంతెన బొమ్మ. "దాని కింద ఒక్కసారి నిలబడాలి విజయా" అని ఎప్పుడో అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నోరు తెరిచి తనకంటూ కావాలన్నది నాకు తెలిసి ఇదొక్కటే. అందుకే ఈ మే నెలలో పెళ్ళిరోజు వంక పెట్టి టికెట్లు నేనే బుక్ చేశాను.

అయితే బయల్దేరే ముందు ఒకటి జరిగింది. ఆదివారాలు ఆయన ఎటోబికోలో ఒక లైబ్రరీకి వెళ్ళి హైస్కూలు పిల్లలకి ఉచితంగా హిస్టరీ చెబుతుంటారు. దగ్గర్లోని ఒక ప్రైవేట్ స్కూలు ప్రిన్సిపాల్, మార్గరెట్ అని, ఒకరోజు వెనక కుర్చీలో కూర్చుని అంతా విని, సెప్టెంబర్ నుంచి మా స్కూల్లో హిస్టరీ చెబుతారా అని అడిగింది. ఈయన ఏమన్నారో తెలుసా? "అబ్బే, నేనెంతవాణ్ణి, నాకంటే బాగా చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, వద్దులెండి" అన్నారు. ఆవిడ "ఓ, సరే, అర్థమైంది" అని చెయ్యి కలిపి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి నాకా సంగతి చెబుతుంటే మొహం వెలిగిపోతోంది. ఎన్నో ఏళ్ళ తరవాత ఆ మొహంలో అంత కళ చూశాను.

"మరి వద్దన్నారేంటండీ?" అన్నాను.

"మొదటిసారే సరే అంటే ఏం బాగుంటదే? మళ్ళీ అడుగుద్దిలే."

వారం గడిచింది, నెల గడిచింది. ఆవిడ మళ్ళీ అడగలేదు. మొహంలో కళ కాస్తా పోయింది. "ఏదో మర్యాదకి అడిగుంటది. నిజంగా కావాలంటే ఇంకోసారి అడిగేది గదా" అనేసి ఆ మాటెత్తడం మానేశారు. నేను ఫోన్ చేసి చెబుతానంటే మాత్రం ఒంటికాలి మీద లేచారు. "నువ్వు మాత్రం చేయబాకు. నా మీద ఒట్టు" అన్నారు. రెస్టారెంట్లో మంచినీళ్ళ దగ్గర్నుంచి వేర్‌హౌస్‌లో పగటి షిఫ్టు దాకా, ఆయనకి కావలసినవన్నీ ఇన్నేళ్ళూ నేనే అడిగి తెచ్చిపెట్టాను. ఈ ఒక్కదానికీ నా నోరు కట్టేశారు. అలా డీలాపడిపోయిన మనిషిని విమానమెక్కించాను.

కొండలోంచి అవతలికి

మాడ్రిడ్ నుంచి బయల్దేరిన బస్సు కొండలోకి దూరి, సొరంగంలో పోయి పోయి, అవతలికి తేలేసరికి గాలే మారిపోయింది. కింద పచ్చటి మైదానం, పైన శిఖరాల మీద ఇంకా కరగని మంచు. మంచంటే మాకు మొహం మొత్తిపోయింది, ఆరునెలలు పార పట్టుకుని తోసేవాళ్ళం. అయినా ఆ మంచుని చూసి నోరు తెరిచాను. అవతలి వరస సీటులో ఊలు అల్లుకుంటున్న పెద్దావిడ నా మోచెయ్యి తట్టి కిటికీలోంచి చూపించింది. కొండల వరస ఒకచోట అచ్చం వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా ఉంది. నుదురు, ముక్కు, గుండెల మీద చేతులు, అన్నీ తెలుస్తున్నాయి. ఆ కొండని చనిపోయిన స్త్రీ అని పిలుస్తారని తరవాత తెలిసింది. ఈ పెద్దావిడకి ఇంగ్లిష్ రాదు, నాకు స్పానిష్ రాదు. కళ్ళు మూసుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, నాలుక పక్కకి వేలాడేసి ఆవిడే అభినయించి చూపించింది. నవ్వలేక చచ్చాను. "చూశారా?" అని ఇటు తిరిగితే మా ఆయన ఆ కొండకేసి చూడటంలేదు. ముందు అద్దంలోంచి ఊరు ఎక్కడ కనిపిస్తుందా అని మెడ సాచి కూర్చున్నారు.

బస్సు దిగి పెట్టెలు లాక్కుంటూ ఒక వీధి మలుపు తిరిగాం.

అయ్య బాబోయ్! పైకే అరిచాను. ఎదురుగా ఆ రాతి వంతెన, ఆకాశానికి అడ్డంగా నిలబడి ఉంది. ఆర్చీ నెత్తిన ఆర్చీ, ఈ కొండ నుంచి ఆ కొండకి, ఇళ్ళూ దుకాణాలూ చెట్లూ అన్నీ దాని పాదాల దగ్గర. పైకి చూసి చూసి మెడ పట్టేసింది. రాళ్ళ మధ్య సున్నం లేదు, మట్టి లేదు, సిమెంటు మాట సరేసరి. రాయి మీద రాయి పేర్చి వదిలేశారు, ఒకదాని బరువుని ఒకటి ఆపుకుంటూ దాదాపు రెండువేల ఏళ్ళుగా అలాగే ఉంది. ఆర్చీల్లోంచి నీలాకాశం, ఆ నీలంలో అటూ ఇటూ కీచుమంటూ దూసుకుపోయే పిట్టలు. వాన్‌లో మా పేటలో అన్నిటికంటే పాతది ఏదంటే మూలమీది గ్యాస్ స్టేషన్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకని అడిగితే చెప్పలేను, అంత పెద్ద పనిని మనుషులే చేశారన్న సంగతికేమో.

మా ఆయన పెట్టె నడిరోడ్డు మీదే వదిలేసి వెళ్ళి ఒక స్తంభానికి అరచెయ్యి ఆనించారు. చాలాసేపు తియ్యలేదు. ఇంతలో ఎవరో అమ్మాయి ఫొటోకి అడ్డంగా ఉన్నారు కొంచెం జరుగుతారా అంటే, "సారీ, సారీ" అని వెంటనే జరిగిపోయారు. ఇన్నేళ్ళ కోరిక చేతికందిన క్షణంలో కూడా జరగమంటే జరిగిపోవడమే! నాకు ఒళ్ళు మండిపోయింది.

పిలార్ వంటిల్లు

పాత ఊళ్ళో పిలార్ అనే ఆవిడ ఇంట్లో పైగది అద్దెకి తీసుకున్నాం. అరవై దాటిన మనిషి, వయసులో ఉండగా లండన్ హోటళ్ళలో పనిచేసిందట, ఇంగ్లిష్ గడగడా మాట్లాడుతుంది. మనం పడుకునే వేళకి ఈ దేశంలో రాత్రి వంట మొదలవుతుంది. మా అవస్థ చూసి మాకోసం పొద్దుండగానే వండింది. పంది మాంసం లేకుండా చెయ్యమని నేను అడిగితే, "పంది లేకుండానా? అయితే రుచెక్కణ్ణించి వస్తుంది?" అని నిజంగానే దిగులుపడింది. చివరికి ఇక్కడి పెద్ద తెల్ల గింజలు, బొటనవేలి కణుపంత ఉంటాయి ఒక్కోటీ, వెల్లుల్లీ బిర్యానీ ఆకూ ఎండుమిరప పొడీ వేసి పులుసులా కాచి పెట్టింది. నోట్లో పెట్టుకుంటే వెన్నే. మా అమ్మ చేసే చిక్కుడు గింజల కూర గుర్తొచ్చింది, కానీ ఆ మెత్తదనం మా అమ్మకి కూడా రాలేదు.

భోజనమయ్యాక పిలార్ ఒక పెద్ద కేకు బయటికి తీసింది. పైన బాదం ముద్ద పొర, దాని మీద కాల్చిన పంచదార గీతలు. ఈ ఊరి ప్రత్యేకమట, పేరు పోంచే. తింటారా అని అడిగింది. తింటానన్నాను. మా ఆయన, స్వీటంటే ప్రాణం పెట్టే మనిషి, "వద్దండీ, కడుపు నిండిపోయింది" అన్నారు. పిలార్ "బాలే" అంది. సరే అని దానర్థం. నాకో ముక్క కోసి పెట్టి, మిగతాదానికి మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోసేసింది. ఈయన చూపు ఆ ఫ్రిజ్ తలుపు మీదే ఉండిపోయింది.

ఒంగోల్లో అయితే ఇట్లాగా? విస్తరికి అడ్డంగా చెయ్యి పెట్టి వద్దు వద్దంటుంటే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేవాళ్ళు. మొదటిసారి వద్దనడం వచ్చినవాళ్ళ మర్యాద, మళ్ళీ అడగడం పెట్టేవాళ్ళ మర్యాద, ఆ తరవాత చెయ్యి తియ్యడం. అలా పెరిగిన మనిషి ఈయన. నేనూ అక్కడే పెరిగాను గానీ ఆకలికి ఆగలేను. నా ముక్కలో సగం విరిచి ఆయన పళ్ళెంలో పెట్టాను. తినేసి, "ఇంకొంచెం ఉంటదా?" అని నన్నడిగారు, గుసగుసగా. కేకు చేసిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది.

గోడలకి ముగ్గులు

మర్నాడు ఊరు చూడటానికి బయల్దేరాం. ఇళ్ళ గోడలు చూసి కళ్ళు చెదిరాయి. సున్నంలో చెక్కిన వలయాలు, నక్షత్రాలు, అల్లికలు, ఏ గోడకా గోడ ఒక్కో ముగ్గు. మనం వాకిట్లో వేసి మర్నాటికి చెరిపేసేదాన్ని వీళ్ళు గోడకి చెక్కి తరతరాలుగా దాచుకున్నారు. నేను గాల్లో వేలితో గీస్తూ ఒక ముగ్గు కూడబలుక్కుంటుంటే, మెట్లు కడుగుతున్న ఒకావిడ చీపురు పక్కన పెట్టి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని గోడ మీది ఆ గాడి వెంట నడిపించింది. సున్నం చల్లగా, గరుగ్గా ఉంది. వాన్‌లో మా డ్రైవ్‌వే మీద చాక్‌పీసుతో వేసిన ముగ్గు ఫొటో ఫోన్‌లో చూపించాను. గుండె మీద చెయ్యేసుకుని నన్ను గట్టిగా కావలించుకుంది. నా చీర కుచ్చెళ్ళు సబ్బునీళ్ళలో తడిసిపోయాయి.

కేథడ్రల్ గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ చెప్పులు విడిచేశాను. కాపలా మనిషి పరుగున వచ్చి, నా కాళ్ళకేమైనా అయిందా అన్నట్టు కంగారుగా చూశాడు. వేసుకోండి, వేసుకోండి అని సైగలు. దేవుడి దగ్గరికి చెప్పులతో వెళ్ళాలంటే ప్రాణం ఒప్పలేదు, లోపల అడుగు తీసి అడుగు వేస్తుంటే టకటకమని ప్రతి చప్పుడుకీ లెంపలేసుకోవాలనిపించింది. తీరా తలెత్తాక చెప్పుల సంగతే మర్చిపోయాను. తేనెరంగు రాయి స్తంభాలై లేచి, పైన కొమ్మల్లా విడిపోయి అల్లుకుంది. రంగుటద్దాల్లోంచి పడిన ఎర్ర వెలుగూ నీలం వెలుగూ నేల మీద మెల్లగా జరుగుతున్నాయి. మాట్లాడబుద్ధి కాలేదు. నాకు! అది మా ఆయనకే ఆశ్చర్యమనిపించింది.

మధ్యాహ్నం వంతెన నీడలో ఒక రెస్టారెంట్లో చేపలు తింటున్నాం. తెల్ల కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన పక్క బల్ల దగ్గర కాల్చిన పందిపిల్లని కత్తితో కాకుండా పింగాణీ పళ్ళెం అంచుతో టకటకా కోశాడు. కోసి, ఆ పళ్ళేన్ని ఎత్తి నేలకేసి ఫెళ్ళున కొట్టాడు. మా ఆయన కుర్చీలోంచి దిగ్గున లేచి "సారీ!" అన్నారు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. మాంసం ఎంత మెత్తగా ఉడికిందో చూపించడానికి పళ్ళెంతో కోసి, ఆ పళ్ళేన్ని పగలగొట్టడం ఇక్కడి ఆనవాయితీ అట. చెయ్యని తప్పుకి సారీ చెప్పినందుకు ఆ పెద్దమనిషి వచ్చి మా ఆయన బుగ్గ గిల్లి పోయాడు. భోజనం బాగానే ఖరీదు, మాకు టొరంటోలో మంచి హోటల్లో అయినంతా అయింది. కాఫీ మాత్రం యూరోన్నరే, ఆ చిక్కదనానికి టొరంటోలో మూడింతలు పెట్టాలి.

తిన్నాక ఊరంతా తలుపులు మూసేసి పడుకుంటుంది. మేం ఖాళీ వీధుల్లో నడుస్తూ కోటకి వెళ్ళాం. రెండు ఏర్లు కలిసే చోట రాతిగుట్ట మీద ఓడ ముక్కులా పొడుచుకొచ్చిన కోట. లోపల గదుల కప్పులన్నీ బంగారం. బురుజు మెట్లు ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది, కానీ పైకి వెళ్ళి చూశాక మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో. ఒకపక్క పంటపొలాలు కంటికి ఆననంత దూరం, ఇంకోపక్క మంచు కొండలు చేత్తో తాకేటంత దగ్గరగా. మా ఆయన మాత్రం ఒకే వైపు చూస్తున్నారు. నీళ్ళు ఆ కొండల్లో ఎక్కడ మొదలయ్యేవో, ఊరిదాకా ఎట్లా దించారో అని ఆ రోజంతా తనలో తనే మాట్లాడుకున్నారు.

ఒక్క మాటతో పోయిన కొండ

సాయంత్రం పిలార్ వంటింట్లో బఠాణీలు ఒలుస్తుంటే మేమూ కూర్చుని ఒలిచాం. మా ఆయన కబుర్లలో ఆ నీళ్ళ సంగతే ఎత్తారు.

"మా తమ్ముడు రమోన్ స్కూల్ టీచరు" అంది పిలార్. "రేపు పొద్దున పిల్లల్ని తీసుకుని అక్కడికే వెళ్తున్నాడు, కొండ మీద నీళ్ళు మొదలయ్యే చోటికి. వ్యాన్‌లో చోటుంది. మీరిద్దరూ వెళ్తారా?"

ఆయన చేతిలో బఠాణీ కాయ అట్లాగే ఆగిపోయింది. కళ్ళు మెరిశాయి. నాకు తెలుసు, ఆ కొండకి మోకాళ్ళ మీద నడిచి వెళ్ళమన్నా వెళ్తారు.

"అబ్బే, పిల్లలకి ఇబ్బంది. ఎందుకులెండి" అన్నారు.

"బాలే" అంది పిలార్. చెయ్యి తుడుచుకుని అక్కడికక్కడే తమ్ముడికి ఫోన్ చేసి రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది. పక్కింట్లో దిగిన జర్మనీవాళ్ళని అడుగుతానన్నాడట. నేను నోరు తెరవబోయాను. బల్ల కింద నా కాలు తొక్కారు.

పైకి వచ్చాక చొక్కా తగిలిస్తూ, "రేపు పొద్దున మళ్ళీ అడుగుద్దిలే" అన్నారు.

"నిన్న ఆ స్వీటు మళ్ళీ అడిగిందా?"

ఆయన తగిలించిన చొక్కానే మళ్ళీ సవరించారు.

"ఫ్రిజ్ నిండా ఉంది. మీ మీద ఆవిడకి కోపం లేదు, మీకు పెట్టకూడదనీ లేదు. మీరు వద్దన్నారు, లోపల పెట్టేసింది. అంతే" అన్నాను.

ఆయన వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నారు. ఇంకా వెలుతురు పోలేదు, కొండల మీది మంచు గులాబీ రంగులోకి తిరిగింది. నాకేసి తిరిగి, "విజయా, అయితే ఆ మార్గరెట్ కూడా నాకిష్టం లేదనుకుందంటావా?" అన్నారు.

"అనుకోదా మరి? వద్దంటే వీళ్ళకి వద్దనే."

"నేను పనికిరాననుకుంది, అందుకే మళ్ళీ అడగలేదనుకున్నానే. ఇన్నాళ్ళూ అదే అనుకున్నా."

రోజూ బూట్లు వేసుకుని షిఫ్టుకి వెళ్తూ, తిరిగొచ్చి నా ఎదురుగా అన్నం తింటూ, లోపల ఆ మాటే నంజుకుంటున్నారన్నమాట. కిందకి పరిగెత్తి, అమ్మా పిలార్, మేం వస్తాం, మాకు చోటుంచు అని చెప్పాలని కాళ్ళు లాగేశాయి. బలవంతాన మంచం మీద కూర్చున్నాను. నేనడిగితే రేపు కొండ చూస్తారు. వాన్‌కి వెళ్ళాక మళ్ళీ మామూలే. ఈసారి చచ్చినా నోరు మెదపకూడదనుకున్నాను. నా జీవితంలో ఇంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

మెట్ల మీద నేను

పొద్దున నేను లేచేసరికి ఆయన పక్కన లేరు. గబగబా మెట్ల దాకా వచ్చి, వంటింట్లోంచి మాటలు వినిపిస్తే అక్కడే ఆగిపోయాను. సగం మెట్ల మీద నిలబడితే వంటిల్లు కనిపిస్తుంది. పిలార్ కాఫీ కాస్తోంది. ఈయన గుమ్మంలో నిలబడి, స్కూలు పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు.

"నిన్న మీరు కొండకి వెళ్తారా అని అడిగారు."

"అడిగాను. మీరు వద్దన్నారు."

"అన్నాను." గొంతు సవరించుకున్నారు. "కానీ నాకు వెళ్ళాలని ఉంది. చాలా ఉంది."

పిలార్ కాఫీ గిన్నె పట్టుకుని ఆయన్ని కిందనుంచి మీద దాకా చూసింది. "అయితే వద్దని ఎందుకన్నారు?"

దానికేం చెబుతారు? మా ఊరు, మా విస్తళ్ళు, మా నెయ్యి అన్నీ ఆవిడకి ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెబుతారు? "మా వైపు అట్లా అంటామండీ" అన్నారు. "అది నా పొరపాటు."

ఆవిడ తల అడ్డంగా ఊపుతూ తమ్ముడికి ఫోన్ చేసింది. మాట్లాడి ఇటు తిరిగి, "జర్మనీవాళ్ళలో ఒకరు రావట్లేదట. ఒక్క సీటుంది. ఒక్కటే" అంది.

ఆయన తలెత్తి మెట్ల మీద ఉన్న నన్ను చూశారు. ఆ చూపు నాకు కంఠతా వచ్చు. అయితే వద్దులెండి, మా ఆవిడ ఒక్కతే ఉండిపోతుంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చిన చూపు. నేను గోడకేసి తిరిగి, అక్కడ వేలాడుతున్న ఏదో పటాన్ని ఎంతో శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను. ఏ పటమో ఇప్పటికీ తెలీదు.

"ఆ సీటు నాకివ్వండి. నేనెళ్తాను" అన్నారు మా ఆయన.

జానెడు కాలువ

ఆయన్ని వ్యాన్ ఎక్కించి నేనొక్కదాన్నే వంతెన వెంట నడిచాను, నీళ్ళు వచ్చిన దిక్కుగా, ఎదురు. నేల మెల్లగా పైకి ఎక్కుతుంటే ఆర్చీలు పొట్టివవుతూ వచ్చాయి. రెండు వరసలు ఒక వరసయ్యాయి. దాని కింద కార్లు ఆపుకున్నారు, బట్టల దుకాణం పెట్టుకున్నారు, ఒకమ్మాయి స్తంభానికి చేరగిలబడి పుస్తకం చదువుకుంటోంది. ఇంత గొప్పదాని పక్కన ఇంత మామూలుగా బతకడం నాకు భలే నచ్చింది.

కొంత దూరం పోయాక గోడ నా ఎత్తుకి దిగింది. ఎవరూ చూడటంలేదు గదా అని మునివేళ్ళ మీద లేచి పైకి చూశాను. రాతిలో తొలిచిన కాలువ, మహా అయితే జానో జానెడున్నరో ఉంటుంది. నేను అట్లాగే నిలబడిపోయాను. ఆకాశమంత కట్టడం, అన్ని ఆర్చీలు, అన్ని వేల రాళ్ళు, అన్నీ ఈ జానెడు నీళ్ళ కోసం! కొండ మీద బయల్దేరిన సన్నటి ధార చుక్క కూడా ఒలికిపోకుండా ఊళ్ళోవాళ్ళ బిందెలదాకా రావడానికి అంత చేశారు. చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఈసారి చెప్పులు విప్పే పెట్టాను, అక్కడ కాపలావాడెవరూ లేడు.

వంతెన కింద

వాళ్ళు తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మా ఆయన వ్యాన్ దిగడం దిగడమే మాటలు మొదలుపెట్టారు. మొహం ఎండకి కందిపోయింది, ప్యాంటు మోకాళ్ళదాకా తడి, ఒక బూటులో నీళ్ళు. పైన్ చెట్ల మధ్య చిన్న ఏరు, అడ్డంగా చిన్న రాతి కట్ట, అక్కణ్ణించే కాలువ మొదలట. నీళ్ళలో చెయ్యి పెడితే కొంకర్లు పోయిందట. రాళ్ళ మీద జారి ఏట్లో కూలబడితే ఇద్దరు పిల్లలు చెరో చెయ్యీ పట్టి లేపారట.

"పిల్లలు మీ ఊళ్ళో ఇట్టాంటివి ఉన్నాయా అన్నారే. కంభం చెరువు గురించి చెప్పాను. రెండు కొండల మధ్య కట్ట వేసి అంత నీళ్ళు ఎట్టా ఆపారో మట్టిలో గీసి చూపించా. ఒక పిల్ల అయితే నా చేతిలో పుల్ల లాక్కుని తూము ఎక్కడుంటదో తనే గీసింది! నేను ఇంగ్లిష్‌లో చెప్పడం, రమోన్ స్పానిష్‌లో చెప్పడం. అయిపోయాక కూడా వదల్లేదు విజయా."

ఎటోబికో లైబ్రరీ నుంచి వచ్చిన రోజు మొహం అది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, ఫోన్ తీశారు. "అక్కడిప్పుడు పొద్దున గదా, స్కూల్లోనే ఉంటది" అని తనే లెక్కగట్టుకున్నారు. వంతెన కింద రాతి మెట్టు మీద కూర్చుని మార్గరెట్‌కి కాల్ చేశారు. పిట్టల గోలలో వినపడక స్పీకర్ పెట్టారు.

"ఓ సుధాకర్, ఎలా ఉన్నారు?" అందావిడ. మీ స్కూల్లో పాఠం చెప్పాలని ఉందని ఈయన అనగానే ఆవిడ గొంతు మారింది. "అయ్యో. మీకు ఇష్టం లేదనుకున్నానే. పోయిన వారమే వేరే ఒకర్ని తీసుకున్నాం. నన్ను క్షమించండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఇంక సరేనండీ, పర్వాలేదండీ, థాంక్స్ అండీ అని పెట్టేస్తారనుకున్నాను. ఫోన్ లాక్కుని నేను మాట్లాడకుండా ఉండటానికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

"మీ తప్పేం లేదండీ" అన్నారాయన. "మీరడిగిన రోజే నాకు రావాలని ఉంది. మా అలవాటు మొదటిసారి వద్దనడం. మీరది తెలుసుకోవాల్సిన అవసరం లేదు. నేను హిస్టరీ బాగా చెబుతాను. వచ్చే ఏడాదైనా, ఇంకెప్పుడైనా, చోటుంటే నన్నడగండి. ఈసారి ఒక్కసారి అడిగితే చాలు."

అటునుంచి ఆవిడ నవ్వింది, మంచి నవ్వే. తనకి తెలిసిన స్కూళ్ళు ఇంకో రెండున్నాయనీ, నంబర్లు పంపిస్తాననీ, తన పేరు చెప్పుకోవచ్చనీ అంది. "కానీ ఫోన్ మీరే చెయ్యాలి" అంది.

ఫోన్ పెట్టేశాక ఆయన తడి బూటు విప్పి నీళ్ళు ఒంపారు. ఆ ఉద్యోగం పోయిన బాధ లేదని నేననను, ఉంది, ఇద్దరికీ ఉంది. ఆయన భుజం నా భుజానికి ఆనుకుని ఉంది. నెత్తిన అంతెత్తున ఆ రాళ్ళు ఎండలో బంగారు రంగుకి తిరుగుతున్నాయి. మేమిద్దరం చాలాసేపు లేవలేదు.

వాన్‌కి తిరిగొచ్చిన మర్నాడు, షిఫ్టుకి బయల్దేరే ముందు, బూట్లు వేసుకుని వంటింట్లో నిలబడి మొదటి నంబరుకి డయల్ చేశారు. నేను పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని దగ్గరికి వెళ్ళాను, మాట తడబడితే అందుకుందామని. ఆయన నన్ను చూసి, కూర్చోమన్నట్టు కుర్చీ చూపించారు. అటువైపు ఎవరో ఎత్తారు.

"నా పేరు సుధాకర్. హిస్టరీ టీచర్ని" అన్నారు. "మీ స్కూల్లో నాకు ఉద్యోగం కావాలి."